గరళాక్షుడు మంచివాడైన కథ

పెబ్బేరు బస్టాండు ఎదుటి హోటల్లో తిమ్మప్ప ఎడమ కనుబొమ్మ ఊడి పక్కాయన చాయ్‌లో పడింది.

పక్కాయన రాయచూరు వైపు నుంచి ఎద్దులు కొనడానికి సంతకొచ్చిన పెద్దమనిషి. ఆయన దాన్ని చెంచాతో తీసి సాసర్లో పెట్టి, గొంగళిపురుగు పడిందని హోటలువాణ్ణి పిలిచాడు. హోటలువాడు వంగి చూసి, ఇది పురుగు కాదు, కదలడం లేదన్నాడు. తిమ్మప్ప అది తనదేనని ఒప్పుకుని, తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. కుడి కనుబొమ్మ మాత్రం గట్టిగా అతుక్కుని నుదుటి దాకా లేచి ఉంది. పెద్దమనిషి దాన్ని తేరిపార చూశాడు.

"హౌదా! నువ్వు టీవీల గరళాక్షునివి కదప్పా! నీ పేరు చెప్తెగాని మా మనవరాలు ముద్ద మింగదు!" అని లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఫోటోలు దిగారు. ఇంకో చాయ్ వచ్చింది. పొద్దున షూటింగు కాగానే రంగు సరిగా కడుక్కోకుండా హైదరాబాదు నుంచి బస్సెక్కిన మనిషికి ఆ మర్యాద ఆనందం కలిగించాలి. కానీ తిమ్మప్ప మనసు ఇంటి దగ్గరుంది. వనపర్తి నుంచి కూతురు నిరోష ఆ పూటే కాన్పుకు వస్తోంది.

గట్టు మండలంలో ఒక చిన్న ఊరు అతనిది. ఎర్ర చెలక. వాన పడితే కంది, పడకపోతే ఆకాశం. ఊరి భాగవతంలో మొదట అతనికి కృష్ణుడి వేషం కట్టారు. నోరు తెరిచి రాగం తీసేసరికి గోపికల వేషాల్లో ఉన్న మగవాళ్ళే తెర వెనక్కి పరుగెత్తారట. మరుసటి ఏడు నుంచి రక్కసుడి వేషమే. పెళ్ళికి ముందు లింగమ్మ అతన్ని చూసింది కూడా వేదిక మీద చచ్చినప్పుడే. "సచ్చేటప్పుడు మంచిగ సస్తడు, చేసుకుంట" అన్నదని ఆమె చెల్లెళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి నవ్వును జాతరలో ఎవరో ఫోనులో పట్టారు. అది చేతులు మారి మారి "ముత్యాల దీవి" సీరియల్ వాళ్ళకు చేరింది. వాళ్ళు పిలిచి గరళాక్షుడనే మాంత్రికుడి వేషం ఇచ్చారు. ఈ గరళాక్షుడి పనల్లా పిల్లల నవ్వులు దొంగిలించి సీసాల్లో బిరడా వేసి దాచడం. నవ్వు పోయిన పిల్లలు రాతిబొమ్మల్లా కూర్చుంటారు. రెండేళ్ళుగా రోజూ సాయంత్రం ఏడింటికి ఇదే తంతు.

లింగమ్మ పోయినేడు జ్వరంతో పోయింది. నిరోషకు రెండో కాన్పు. అత్త శారదమ్మ మంచి మనిషి. "ఈడనే కానియ్యి బిడ్డా, ఆడ నిన్ను చూసేటోళ్ళెవరు?" అంది. ఆ మాట తిమ్మప్పకు ముల్లులా దిగింది. వనపర్తి పోయి, వియ్యపురాలి ముందు తువ్వాల భుజం మీంచి తీసి మరీ అడిగాడు. "అమ్మ లేదని నా బిడ్డకు పుట్టిల్లు లేకుండ పోవొద్దు వదినా. దవాఖాన్ల మా అక్క ఉంటది. మనవరాలిని నేను చూసుకుంట."

ఆ చివరి మాటే అతని కొంప ముంచింది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి నాలుగేళ్ళ హన్విక మంచం మీద కూర్చుని తిమ్మప్ప అక్క ఎంకమ్మతో కిలకిల నవ్వుతోంది. గుమ్మంలో తాతను, ఆ ఒంటి కనుబొమ్మను చూసింది. నవ్వు టక్కున ఆగింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.

భయపడి ఏడ్చి ఉంటే ఓదార్చవచ్చు. ఆ పిల్ల ఏడవలేదు. తన నవ్వును కాపాడుకుంది. తిమ్మప్ప లోపలికొస్తే చేతులు నోటికి పోతాయి, బయటికి పోతే దిగుతాయి. అతని ఎదుట అన్నం తినదు, నీళ్ళు తాగదు, ఆవులింత వచ్చినా ముక్కుతోనే కానిస్తుంది. వారం తిరక్కముందే ఇంటి యజమాని అరుగు మీదికి మారాడు. కంచం అక్కడికే వచ్చేది. ఊళ్ళో వాళ్ళు పోతూ పోతూ, "ఏం గరళాక్షా, నీ దీవి నుంచి నిన్నే ఎల్లగొట్టిండ్రా?" అనేవారు.

గద్వాల నుంచి కీ ఇస్తే ఆడే కోతిబొమ్మను తెచ్చాడు. పిల్ల ముట్టలేదు. రాగం తీశాడు. పక్కింటి కుక్క లేచి పారిపోయింది. చివరికి ఆశ చావక, పెళ్ళినాటి నుంచి ఉన్న సొంత మీసం గొరిగించుకుని వచ్చాడు. పిల్ల ఈసారి నోటితో పాటు కళ్ళు కూడా మూసుకుంది.

"మీసం తీస్తే దేవునివైతవారా?" అంది ఎంకమ్మ. "ఉన్న మొకం గూడ పాయె."

నిరోష ఇంకో రెండు మూడు రోజులు చూసింది. నాలుగో రోజు అరుగు మీదికొచ్చి తండ్రి పక్కన కూర్చుంది. "నాయినా, నీ మీద కోపం లేదు. గని నేను దవాఖాన్ల పడుంటే ఇది నీ తాన ఎట్లుంటది? మా అత్తకు ఫోన్ చేస్త. వనపర్తికే పోత."

"జర ఆగు బిడ్డా. నేను మంచోణ్ణయితున్న."

"ఏంది?"

"సీరియల్ల. రైటర్ సారు చెప్పిండు."

ఎవరూ అలా చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే చెలక గట్టున నిలబడి రచయిత నిరంజన్‌కు ఫోను చేశాడు.

"సార్, నన్ను జర జల్ది మంచోణ్ణి చేయుండ్రి."

"నువ్వు చెడ్డగా ఉంటేనే సీరియల్ ఆడుతోంది తిమ్మప్పా. దీపావళికి చూద్దాం."

"దీపావళి దాంక నా బిడ్డ ఆగదు సార్. నా మనవరాలు నోరు మూసుకుని సస్తుంది సార్." అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

నిరంజన్ అంతా విని, "ఇదే ఏడుపు కెమెరా ముందు ఏడవగలవా?" అన్నాడు.

ఏడ్చాడు. హైదరాబాదు పోయి, రాకుమారి కాళ్ళ ముందు మోకాళ్ళ మీద పడి, డైరెక్టరు ఆపమన్నా ఆపకుండా ఏడ్చాడు. సీసాల బిరడాలన్నీ ఊడదీసి, "పోండి, మీ పిల్లల దగ్గరికి పోండి" అని నవ్వులను సాగనంపాడు. సెట్లో లైట్లు పట్టుకున్న వాళ్ళు కూడా ముక్కు చీదారని చెప్పుకున్నారు.

అది టీవీలో వచ్చే సాయంత్రానికి వాడంతా తిమ్మప్ప ఇంట్లోనే చేరింది. అతను గడప అవతలే నిలబడి, టీవీని కాకుండా హన్వికను చూశాడు. తెర మీద గరళాక్షుడు కుమిలిపోతున్నాడు. ఎంకమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. "అయ్యో, సచ్చినోనికి ఎంత కష్టమొచ్చె" అంటోంది పక్కింటి యాదమ్మ. సీసాల్లోంచి నవ్వులు రంగురంగుల పిట్టలై ఎగిరిపోయాయి. ఆట ముగిసింది.

నిరోష కూతురి చెవిలో, "చూసినవా, తాత మంచోడాయె" అంది.

హన్విక ఒక్క చెయ్యి కాస్త పక్కకు జరిపి అంది. "అప్పుడు గూడ గిట్లనే ఏడ్సిండు. ఆ రాకుమారి నమ్మింది. షర్బతు ఇచ్చి నవ్వు గుంజుకుండు." చెయ్యి మళ్ళీ నోటి మీదికి పోయింది.

నిజమే. ఎండాకాలంలో నిరంజన్ అలాంటి దొంగ పశ్చాత్తాపం ఒకటి రాశాడు. రాసినవాడు మరిచిపోయాడు, వేసినవాడూ మరిచిపోయాడు. పిల్ల మరవలేదు.

మర్నాడు పొద్దున్నే నిరోష బట్టలు సర్దుకుంటోంది. సంచి సగం నిండిందో లేదో, ఆమె నడుం పట్టుకుని గోడకు ఒరిగిపోయింది. డాక్టరు చెప్పిన గడువు ఇంకా చాలా ఉంది. నొప్పులకు గడువు తెలియదు. అంబులెన్సు వచ్చింది. నిరోష తండ్రి చెయ్యి పట్టుకుని ఎక్కింది. వెనక ఎక్కుతూ ఎంకమ్మ తిరిగి చూసి గట్టిగా అంది.

"రక్కసుడు ఏడిస్తే ఎవరు నమ్ముతర్రా? మనూర్ల భాగోతమైనంక తెల్లారి ఏం చేస్తుంటివి? రంగు మొకంతోనే ఇల్లిల్లు తిరిగి, పిల్లల చేతులతోని తుడిపించుకుంటుంటివి. నీ టీవీల ఎవడు తుడిసిండు? రెండేండ్ల సంది ఆ రంగు గట్లనే ఉండె!"

బండి పోయింది. వాడలో ఒక్క మనిషి లేడు. విత్తనాల కోసం వేసే సీడు పత్తి పువ్వులకు పుప్పొడి పట్టించే రోజులు. ముసలీ ముతకా అందరూ చేలల్లో ఉన్నారు. హన్విక తల్లి కోసం రోడ్డు దాకా పరుగెత్తి, తాత ఎదురు రావడం చూసి వెనక్కొచ్చి మంచం కింద దూరింది.

పొద్దెక్కింది. రేకుల ఇల్లు పెనంలా కాలుతోంది. అన్నం కలిపి మంచం పక్కన పెట్టి, తాను అరుగు మీదికి పోయాడు. తొంగి చూస్తే అన్నం అలాగే ఉంది. నీళ్ళు పెట్టాడు. "మంత్రం నీళ్ళు" అని చేతుల చాటు నుంచి సన్నని గొంతు. తానే ఒక గుటక తాగి చూపించాడు. "నువ్వు తాగితే నీకేం గాదు, నువ్వే మంత్రగానివి" అంది. పిల్ల చొక్కా చెమటతో తడిసిపోయింది. పెదాలు ఎలా ఉన్నాయో చూద్దామన్నా చేతులు అడ్డం. ఎత్తుకుని బలవంతంగా నీళ్ళు పోస్తే? పోస్తే ఇక ఈ జన్మలో ఆ చేతులు దిగవు. పోయకపోతే? దవాఖాన నుంచి ఫోను లేదు. లింగమ్మ ఫోటో వైపు తిరిగి, "నువ్వైతే ఏం చేస్తుంటివే?" అన్నాడు. ఆమె ఎప్పటిలాగే నవ్వుతూ ఊరుకుంది.

ఎంకమ్మ తిట్టు అప్పుడు చెవిలో మళ్ళీ మోగింది.

అటక మీంచి పాత భాగవతం పెట్టె దించాడు. మంచానికి దూరంగా, పిల్లకు కనబడేలా నేల మీద అద్దం పెట్టుకుని కూర్చున్నాడు. ఇది తప్పు పని కావచ్చు. భయపడ్డ పిల్ల ముందు రక్కసుడి వేషం కట్టే తాతను ఎవడైనా కర్రతో కొడతాడు. అయినా పసుపు ముద్ద చేసి ముఖానికి పూశాడు. "ఇది మీ అమ్మమ్మ దంచిన పసుపు" అన్నాడు అద్దంతో. కుంకుమ కలిపి బుగ్గలకు దిద్దాడు. మసితో కళ్ళ చుట్టూ గీశాడు. మేకవెంట్రుకల మీసం పెట్టి, జారిపోతే తిట్టుకుని, మళ్ళీ పెట్టాడు. మంచం కింద కదలిక లేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది. తన కళ్ళ ముందే తాత మీదికి గరళాక్షుడు ఎక్కడి నుంచి వచ్చి కూర్చుంటున్నాడో పిల్ల చూస్తోంది.

కొబ్బరినూనె గిన్నె, పాత పంచె గుడ్డ ముందు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఈ రక్కసుణ్ణి నేను తీసుకుంటె పోడు బిడ్డా. పిల్లలు తీస్తెనే పోతడు."

తర్వాత చేయవలసిందేమీ లేదు. కూర్చోవడమే. ఈగ ముక్కు మీద వాలింది. నడుం లాగింది. రంగు ఎండి బుగ్గలు బిగుసుకున్నాయి. ఎంతసేపో తెలియదు. పిల్ల సొమ్మసిల్లిందేమోనన్న భయం పట్టుకుంది. కళ్ళు తెరిస్తే పని చెడుతుందని తెరవలేదు. మూసిన రెప్పల కిందే కన్నీళ్ళు వచ్చి మసిని కిందికి లాగుతుంటే, ఇది కూడా దొంగ ఏడుపే అనుకుంటుందని వాటినీ మింగబోయాడు.

గడ్డం మీద ఒక వేలు తగిలింది. నూనె వేలు. తగిలి వెనక్కి పోయింది.

మళ్ళీ వచ్చింది. ఈసారి గుడ్డతో. బుగ్గ మీద ఒక్క గీత తుడిచి, ఆగి, కింద ఏముందో చూసినట్టుంది.

"లోపల తాతున్నడు" అంది హన్విక, తనతో తాను.

ఆ మాట చెప్పాలంటే నోటి మీద ఒక్క చెయ్యి కూడా ఉండకూడదు.

సాయంత్రం ఎంకమ్మ మిఠాయి పొట్లంతో తిరిగొచ్చింది. పిల్లగాడు పుట్టాడు, తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ మాట గుమ్మంలోనే అరిచి చెప్పి, లోపల ఒక అడుగు పెట్టి ఆగిపోయింది. నేలంతా పసుపు. గోడకు కుంకుమ చేతులు. ఖాళీ చెంబు దొర్లుతోంది. ఉతికి పరిచిన దుప్పటి మీద మసి, నూనె. తమ్ముడు సగం ముఖం రక్కసుడు, సగం ముఖం మనిషిగా గోడకు ఒరిగి, ఒక కాలు తిమ్మిరెక్కినా కదల్చకుండా కూర్చున్నాడు.

"నీ బుద్ధి పాడుగాను! బాలింత రేపో ఎల్లుండో ఇంటికొస్తది, ఇల్లు గిట్ల బొందలగడ్డ చేస్తవారా?" అని కొంగు నడుముకు దోపింది.

"మెల్లగ తిట్టక్కా, ఒళ్ళె పిల్ల లేస్తది."