పిల్లి ఏం తింటుంది?

మా బొగ్గుగనుల కాలరీ బడి కంప్యూటర్ మేడం ఏ ఫైలు చూసినా ముందు ఒకటే అడిగేవారు: "గిది మన పిల్లి తింటదా?"

రంగురంగుల ముక్కలు ఒకదాని కింద ఒకటి పేరిస్తే తెరమీద పిల్లిబొమ్మ నడిచేది, మాట్లాడేది. ప్రోగ్రాం రాయడం మాకు అలాగే నేర్పారు. పీఎన్‌జీ బొమ్మలు, ఎంపీత్రీ పాటలు పిల్లి తింటుంది, కొన్ని రకాల ఫైళ్లు ముట్టదు. ఇదే ఆమె పాఠం. చెన్నూరు నుంచి బస్సులో వచ్చేవారు. తన ఇంటి సంగతి ఎన్నడూ ఎత్తేవారు కాదు.

ఏడో తరగతిలో ఒకరోజు అవ్వ ఫోన్ బడికి పట్టుకుపోయాను. మాకు అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న. బొగ్గుబాయిలో పనిచేసిన మా బాపు చనిపోయి అప్పటికి ఆరు నెలలు. డ్యూటీకి పోతూ ఆయన పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి అందులో ఉండిపోయింది. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే పిల్లి దాన్ని తీసుకోలేదు. నాకు ఏడుపొచ్చింది.

"ఏడువకు బిడ్డా. అది తినేటట్టు కలిపి పెడుదాం," అని మేడం ఆ ఫైలును ఎంపీత్రీగా మార్చారు. ప్రోగ్రాం నడిపే ఆకుపచ్చ జెండా గుర్తు నొక్కగానే పిల్లి బాపు గొంతుతో అడిగింది: "బిడ్డా, తిన్నవా?"

"తిన్న బాపూ," అన్నాను. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు.

మర్నాడు అన్నం బెల్లు కొట్టాక, మరిచిపోయిన పెన్సిల్ డబ్బా కోసం ల్యాబుకు వెళ్లాను. లోపల బాపు గొంతు వినిపించి తలుపు దగ్గరే ఆగిపోయాను. మేడం ఒక్కరే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పక్కన మూత తీయని టిఫిన్ డబ్బా ఉంది.

"బిడ్డా, తిన్నవా?"

"తినలే బాపూ," అన్నారు మేడం. మళ్లీ జెండా నొక్కారు.