అందరూ ఒప్పుకున్న పేర్లు

అనుమానపడటం నా వృత్తి. మెల్‌బోర్న్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పెక్కడ దాక్కుందో పట్టుకుంటే నాకు జీతమిస్తారు. ఈ గుణం ఉద్యోగంతో వచ్చింది కాదని మా ఆయన అంటారు. కూరగాయల కొట్టువాడు నవ్వుతూ పలకరిస్తే టమాటాలు ఒకటికి రెండుసార్లు తిప్పి చూసే మనిషిని, ఒప్పుకుంటాను.

ఊరి శివారు టార్నీట్‌లో మా ఇంటికి కాస్త దూరంలో ఒక రిటైర్డ్ డాక్టరు గారున్నారు. అందరికీ ఆయన అంకుల్. ఆయన భార్య, మా ఆంటీ, ఆదివారాలు ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పుతారు. పాఠాల కాగితాలు తయారుచేసుకోవడానికి ఆవిడకు ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ దొరికింది. బొమ్మలూ అక్షరాలూ పేజీ మీద పేర్చుకునే ప్రోగ్రాము అది. దేశదేశాల వాళ్ళు పైసా తీసుకోకుండా రాసిపెట్టారు. దాన్నెలా వాడాలో చెప్పే గైడు చాలా భాషల్లో ఉంది కానీ తెలుగులో లేదు. "మనం రాద్దాం" అన్నారు అంకుల్. అలా మా గ్రూపు పుట్టింది.

నా వంతు అధ్యాయాలు పొద్దున ఆఫీసుకెళ్ళే రైల్లో రాసేదాన్ని. పిల్లల్ని కేకలేయడానికి కాకుండా మరో పనికి నేను తెలుగు వాడే సమయం రోజు మొత్తంలో అదొక్కటే. అందుకే ఆ గైడంటే నాకంత మమకారం. దాని జోలికి ఎవరొచ్చినా ఒళ్ళు మండుతుంది.

గొడవంతా పేర్ల దగ్గర వచ్చింది. ప్రోగ్రాము తెర మీద ఉన్నవన్నీ ఇంగ్లీషు మాటలే. వాటిని గైడులో ఏమని రాయాలి? ఒకరు మెనూ అని రాశారు, ఒకరు పట్టిక అన్నారు. మూడో ఆయన ఏ పేరూ పెట్టకుండా "పైన ఉన్నది నొక్కండి" అని సరిపెట్టేశారు. ఇలా లాభం లేదని ఒక ఆదివారం పార్కులో బార్బెక్యూ పెట్టుకుని కూర్చున్నాం. ఒక పక్క చికెన్ కాలుతోంది. పిల్లలు ఇంగ్లీషులో అరుచుకుంటూ బంతాట ఆడుతున్నారు. అంకుల్ తాను ఆలోచించి తెచ్చిన పేర్లు చదివారు. టూల్‌బార్ అంటే పనిముట్ల పట్టీ. డైలాగ్ బాక్స్ అంటే సంభాషణ పెట్టె. డ్రాప్‌డౌన్ మెనూ అంటే జాలువారు పట్టిక.

"ఎలా ఉన్నాయమ్మా?" అని ఒక్కొక్కరినీ అడిగారు.

"సూపర్ అంకుల్."

"చాలా బాగున్నాయండి."

నేనూ తలూపాను. ఊరికి ఆ చివరనున్న క్లేటన్‌లో చదువుకుంటూ, స్నేహితురాళ్ళతో కలిసి అద్దెకుండే వరంగల్ అమ్మాయి ఒకతె మా గ్రూపులో ఉంది. ఆ పిల్ల కూడా "మస్తున్నయ్ అంకుల్" అంది. అంటూనే కిందికి చూసి నవ్వింది. ఆ నవ్వు నా కంట పడింది. గుర్తుపెట్టుకున్నాను.

పెద్దవాళ్ళు పాస్‌వర్డులు మరిచిపోతున్నారని గైడు రాసే వెబ్‌సైట్లో గ్రూపు మొత్తానికీ ఒకే ఖాతా ఉండేది. అది ప్రమాదమని మా ఆయన దగ్గర మొత్తుకున్నాను, గ్రూపులో మాత్రం సరేనన్నాను. ఎవరు ఏం మార్చినా పేజీ మీద ఆ ఒక్క పేరే కనిపిస్తుంది. ఒక రోజు రైల్లో నా అధ్యాయం తెరిచి చూస్తే, నేను రాసిన సంభాషణ పెట్టె మాయమై డైలాగ్ బాక్స్ వచ్చి కూర్చుంది. తిరిగి మార్చాను. కొద్ది రోజులకు మళ్ళీ అదే కథ. ఈసారి జాలువారు పట్టిక కూడా ఎగిరిపోయింది. గ్రూపులో అడిగితే ఒక్కొక్కరే తమకు తెలియదన్నారు. అంకుల్ మాత్రం ఏ జవాబూ ఇవ్వలేదు. పాపం, ఆయన మనసు నొచ్చుకుందనుకున్నాను.

ఇంతలో ఆ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్ళ నుంచి మెయిల్ వచ్చింది. తెలుగు గైడులో ఒకే వస్తువుకు రెండేసి పేర్లున్నట్టు వాళ్ళ తనిఖీలో తేలిందట. కొత్త వెర్షన్ వచ్చేలోపు సరిచేయకపోతే తెలుగు గైడును దానితో పాటు ఇవ్వలేమన్నారు. అంటే రైల్లో నేను పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టే. భయం వేసింది. అంతకు మించి కోపం వచ్చింది.

"పైన ఉన్నది నొక్కండి" పెద్దమనిషిని ముందు అనుమానించాను కానీ, అంత బద్ధకస్తుడు పనిగట్టుకుని పదాలు మార్చడని వదిలేశాను. ఇక మిగిలింది క్లేటన్ అమ్మాయి. మార్పులన్నీ పనిరోజుల్లో, పొద్దున టిఫిన్ల వేళ తర్వాతే జరుగుతున్నాయి. ఆ సమయానికి మేమంతా ఆఫీసుల్లో ఉంటాం. ఆ పిల్లకు యూనివర్సిటీలో మధ్యాహ్నాలే క్లాసులు. పైగా ఆ నవ్వొకటి. "నువ్వే నిద్రలో మార్చేస్తున్నావేమో" అన్నారు మా ఆయన. ఆయన్నీ ఒక క్షణం తేరిపార చూశాను.

టెస్టరు బుద్ధి ఊరుకోదు కదా. ఇంటి నుంచి పనిచేసే రోజు చూసుకుని, పెసరట్లు పోస్తున్నాను, కాస్త పొద్దెక్కాక టిఫిన్‌కి రమ్మని ఆ అమ్మాయిని పిలిచాను. రైళ్ళు మారుతూ ఊరి ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చింది. ఆమె ఫోను బ్యాగులో ఉంది, చెయ్యి అల్లం పచ్చడిలో ఉంది. నా లాప్‌టాప్ మాత్రం పక్కనే తెరిచి పెట్టి, అట్టుకీ అట్టుకీ మధ్య పేజీ మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. ఆమె తింటూ ఉండగానే పనిముట్ల పట్టీ పోయి టూల్‌బార్ వచ్చింది.

నా మొహం చూసి ఆ అమ్మాయి లాప్‌టాప్ వైపు వంగింది. సంగతి అర్థమైపోయింది.

"అక్కా, పెసరట్లకు పిలిచింది గిందుకా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా వదల్లేదు. "మరి ఆ రోజు పార్కులో ఎందుకు నవ్వావు?"

"జాలువారు పట్టిక అంటే నవ్వు రాదా అక్కా? మీకు రాలే?"

"వచ్చింది."

"మరి మీరు సుత బాగుందనే అన్నరు గద."

నేను తలూపాను తప్ప నోటితో అనలేదని చెప్పబోయి మానుకున్నాను. ఇంకో అట్టు వెయ్యనా అన్నాను. వేయమంది.

ఆమెను స్టేషన్లో దింపి, అటునుంచి అటే అంకుల్ గారింటికి వెళ్ళాను. ఖాతా పెట్టింది ఆయనే. పాస్‌వర్డ్ మార్చేయమని, ఎవరి ఖాతా వాళ్ళకు ఇప్పించమని అడగాలనుకున్నాను. తలుపు తీసింది ఆంటీ. "మంచి టైముకొచ్చావు, ఈ కంప్యూటర్ పాఠం నుంచి నన్ను తప్పించు" అంటూ లోపలికి తీసుకెళ్ళారు. డైనింగ్ టేబుల్ మీద రెండు లాప్‌టాప్‌లున్నాయి. ఆంటీ దాంట్లో సగం తయారైన పాఠం ఉంది. అంకుల్ దాంట్లో నా అధ్యాయం తెరిచి ఉంది, మార్పులు చేసే పేజీలో. నన్ను చూసి ఆయన మూత మీద చెయ్యి వేశారు. మూయలేదు.

"మార్చేది మీరా అంకుల్?"

"నేనేనమ్మా."

"మీరు పెట్టిన పేర్లే కదా అవి!"

ఆంటీ అందుకున్నారు. "ఆయన పెట్టినవే. సంభాషణ పెట్టె తెరవండి అని ఉంది. స్క్రీనంతా వెతికానమ్మా, ఎక్కడా కనపడదే! చూస్తే అన్నీ ఇంగ్లీషు మాటలే. నాకే మతిపోతోందేమోనని హడలిపోయాను. ఏడుపొచ్చేసింది. అప్పుడు తెలిసొచ్చింది ఈయనకి."

"గ్రూపులో ఒక్క మాట చెప్పాల్సింది అంకుల్."

"ఎలా చెప్పనమ్మా? మీరంతా నా మాట మీద ఒప్పుకున్నారు. తీరా నేనే కాదంటే మిమ్మల్నందర్నీ చిన్నబుచ్చినట్టు కాదూ?" అని కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఒకటడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు నీకు నచ్చాయా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "లేదంకుల్. జాలువారు పట్టిక అస్సలు నచ్చలేదు."

"మరి అప్పుడే అనలేదేం?"

"పెద్దవారు కదా అని."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "హాస్పిటల్లో నర్సులు నా మొహమ్మీదే అనేవారమ్మా, డాక్టర్, యూ ఆర్ రాంగ్ అని. కోపమొచ్చేది. వాళ్ళలా అనబట్టే కొందరు పేషెంట్లు బతికారు. రిటైరయ్యాక మన వాళ్ళ మధ్యకొచ్చి పడ్డాను. ఏమన్నా సూపర్ అంకుల్ అంటారు. నాతో పోట్లాడేవాళ్ళే లేరు."

ఇన్నాళ్ళూ మర్యాద అనుకుంటూ ఆయన్ని ఒక మూల కూర్చోబెట్టామన్నమాట. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"అయితే పనిముట్ల పట్టీ కూడా బాగోలేదంకుల్."

"అదేం పాపం చేసిందమ్మా?" అని ఆయన అంతెత్తున లేచారు. ఆంటీ అన్నం పెట్టేదాకా వాదించుకున్నాం. చివరికి తెర మీద ఏ మాటుంటే గైడులోనూ అదే ఉండాలని, అది చేసే పనిని మాత్రం పక్కనే తేట తెలుగులో చెప్పాలని తేలింది. "నా పేర్లు పనికిరావు, వాటితో మీ ఆంటీ ఒక్క పేజీ కూడా చేయలేకపోయింది" అని గ్రూపుకు అంకులే రాశారు. అందరం కూర్చుని అధ్యాయాలన్నీ సరిచేశాం. గైడు కొత్త వెర్షన్‌తో పాటే వచ్చింది.

ఆ తర్వాత నేనొక కొత్త అధ్యాయం రాసి గ్రూపులో పెట్టాను. నిమిషంలో క్లేటన్ అమ్మాయి నుంచి మెసేజ్. "సూపర్ అక్కా." రైల్లో కూర్చుని మురిసిపోయాను. స్టేషన్ దాటాక ఆ మాట మళ్ళీ చదివాను. చదివినకొద్దీ అనుమానం పెరిగింది. నేనెప్పుడు ఇంత పెద్దదాన్నయిపోయాను? వెంటనే ఫోన్ చేశాను.

"నిజం చెప్పు. ఎక్కడ బాగోలేదు?"

ఆ అమ్మాయి మెల్లగా అంది, "చెప్తే మీకు కోపమొస్తది అక్కా."

"వస్తుంది" అన్నాను. "చెప్పు."