కణానికి తలుపు లేదన్న మేడమ్

మా పై అంతస్తులో ఉండే జువాలజీ మేడమ్ పోయారు. పోయిన వారం ఓ పొద్దున మెట్లు కడుగుతూ వాచ్‌మన్ భార్య చెప్పింది, "అక్కా, మేడమ్ ఇగ లేదు." నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక నా కూతుర్ని దవాఖానకు ఎవరు ఒప్పించి తీసుకెళ్తారు? నివాళి ఇంత స్వార్థంగా మొదలవకూడదేమో. నాది ఇలాగే మొదలైంది.

మేం చందానగర్‌లో కిరాయికి దిగిన కొత్తలో పాప మోచేతుల మీది పసుపు గడ్డల్ని ముందు చూసింది ఆవిడే. రక్తంలో కొవ్వు విపరీతంగా ఉందని, పుట్టుకతో వచ్చిన జబ్బని డాక్టర్లు తేల్చారు. మా అత్తగారు మాత్రం "ఆఫీసు, ఆఫీసు అని బయటి తిండి పెడితే ఇంతే కదమ్మా" అన్నారు. నానక్‌రామ్‌గూడలో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని నేనూ అదే నమ్మాను. ఇంట్లో నెయ్యి మానేశాను, గుడ్డు మానేశాను, ఆఖరికి పోపు కూడా మానేశాను.

"పోపు లేని పప్పు ఎవరు తింటరు?" అంటూ మేడమ్ నన్ను కూర్చోబెట్టారు. తన కొంగు పరిచి మధ్యలో ఒక నిమ్మకాయ పెట్టారు. "ఈ కొంగు కణం గోడ, నిమ్మకాయ కొవ్వు. కణానికి తలుపుండదు బిడ్డా. కొవ్వు వచ్చి గోడ మీది కొక్కేనికి తగుల్కుంటది. అప్పుడు గోడే గుంట పడ్తది." కొంగు కింద వేళ్లు గంపలా పట్టి, నిమ్మకాయను లోపలికి గుంజి, పైన మెలిపెట్టి మూట చేశారు. "ఈ వేళ్లు తొడుగు. మూట లోపలికి పోయినంక తొడుగు ఊడిపోతది, ఇంకో గుంటకు పనికొస్తది. మీ పిల్ల కొక్కేలు కొవ్వును పడ్తున్నయ్ గాని గుంటకాడికి పోతలేవు. కొవ్వు రక్తంలనే తిరుగుతుంది. నీ వంట తప్పు గాదు."

ఆ మాట కోసం ఎంతగా మొహం వాచిపోయి ఉన్నానో, అక్కడే ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. "జర పోపు వెయ్యి పో" అన్నారు.

రెండు వారాలకోసారి దవాఖానలో పాప రక్తం యంత్రంలోకి వెళ్లి, కొవ్వు వదిలి తిరిగి రావాలి. మేడమ్ పక్కన కూర్చుని పాఠాలు అడిగేవారు. తప్పు చెబితేనే పల్లీపట్టి. "జవాబు వచ్చినోళ్లకు చదువే ఉంది, ఇగ పట్టి ఎందుకు?" అనేవారు.

నిన్న మళ్లీ వంతు వచ్చింది. పాప రానని మంచం పట్టుకుంది. బతిమాలాను, అరిచాను, చివరికి దాని కాళ్లు పట్టుకున్నాను.

"మేడమ్ అన్ని మందులూ వేసుకునేది కదా. అయినా పోయింది. నేనూ పోతానా అమ్మా?"

మేడమ్ అయితే అబద్ధం చెప్పేవారు కాదు. నేను చెప్పాను. "పోవు."

పాప నా మొహంలోకి చాలాసేపు చూసింది. మంచం దిగి, చెప్పులు వేసుకుంది.