అమ్మకు చెప్పిన అర్థాలు

కోదాడలో జూనియర్ కాలేజీ పిల్లలకు బాటనీ చెప్తాను. మొక్కల శాస్త్రీయ నామాలు బట్టీ పట్టొద్దని, లాటిన్, గ్రీకు ముక్కలుగా విడగొట్టి అర్థం చూసుకొమ్మని చెప్తుంటాను. ఇంట్లో ఆ పాఠం వినేది అమ్మ. మా ఊరు నేరేడుచర్ల చుట్టుపక్కల పొలాల్లో నాట్లేసి, కలుపు తీసి నడుము వంగిన మనిషి.

ఒకసారి వరిలో కలుపుగా మొలిచే ఊదగడ్డి పేరు అడిగింది.

"ఎకైనోక్లోవా. ఎకైనోస్ అంటే ముళ్లపంది, క్లోవా అంటే గడ్డి" అన్నాను.

"నిజమే, కంకి గట్లనే గుచ్చుకుంటది. పేరు పెట్టినోడు కలుపు తీసినోడే ఉంటడు" అని నవ్వింది.

పోయిన వానాకాలం అమ్మకు కడుపునొప్పి మొదలైంది. సూర్యాపేటలో స్కాన్ తీయించి, మిర్యాలగూడ దవాఖానకు పోయాం. డాక్టర్ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, క్యాన్సర్ ముదిరిందని, ఆపరేషన్‌తో లాభం లేదని చెప్పాడు. బయటికొస్తే అమ్మ రిపోర్టు ఒళ్లో పెట్టుకొని బెంచీ మీద కూర్చుంది. చదువు రాదు. ఒక మాట మీద వేలు పెట్టింది.

"అన్నిట్ల పొడుగ్గున్నది ఇదే. ఏందిది?"

"మెటాస్టాసిస్."

"అర్థం సెప్పు. సెట్ల పేర్లకు సెప్తవు గద."

అబద్ధమే చెప్దామనుకున్నాను. నోరు అలవాటు కొద్దీ కదిలింది. "గ్రీకు మాటమ్మా. ఉన్న చోటు నుంచి పోయి ఇంకో చోట నిలబడుడు."

అమ్మ ఆ మాట మీదే వేలు జరిపింది.

"నారు పీకి నాటేసినట్టా?"

నేను తల దించుకున్నాను.

"అయితే ఇగ ఒక్కకాడ లేదన్నట్టు" అంది మెల్లగా. తర్వాత నా వైపు తిరిగింది. "సెల్లెకు రోగం పేరు సెప్పు. గీ అర్థం సెప్పకు. అది తట్టుకోలేదు."

బస్సులో నేరేడుచర్ల దాకా నా చెయ్యి వదల్లేదు. ఇంటికి రాగానే కొంగు బిగించి అన్నం వండింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కోతలు మొదలుకాక ముందే అమ్మ పోయింది. దినాలయ్యాక, హుజూర్‌నగర్ నుంచి వచ్చిన చెల్లె మందుల సంచి సర్దుతూ అడిగింది.

"అక్కా, రోగం గంత ముదిరిందని అమ్మకు ఎరుకేనా?"

"లేదే" అన్నాను.

"మంచిగైంది. భయపడకుంట పోయింది" అని నా భుజమ్మీద తల పెట్టి ఏడ్చింది.

నేను వీపు నిమురుతూ ఉండిపోయాను. భయమైతుందా అమ్మా అని ఆ మూడు నెలల్లో నేను ఒక్కసారైనా అడగలేదు.