ఎర్రబడగానే దించాలి

కంటబడ్డ ప్రతి రంగునీ పైకి ప్రకటించకపోతే రంగుల మావయ్యకి తోచదు. పొద్దున పనికొచ్చి ప్రయోగశాల తలుపు తీస్తూనే మొదలు. తడిసిన గొడుగు నలుపు. మేడమ్ కప్పులో టీ, ఇవాళ పలచని ఇటుక రంగు. తనిఖీకి వచ్చిన పెద్దాయన జుట్టుని ఒకసారి "కొత్త నలుపు" అన్నాడు. గదిలో అందరి పెన్నులూ ఒకేసారి కిందపడ్డాయి. బల్లల కింద చాలాసేపు వెతుక్కున్నారు.

అసలు ఆ గదిలో పనే రంగులది. కంటికి ఆనని బంగారు రేణువులు నీళ్ళలో విడివిడిగా తేలుతుంటే నీళ్ళు ఎర్రగా ఉంటాయి. రోగి నమూనాలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఉంటే రేణువులు దాన్ని పట్టుకుని గుమికూడతాయి; ఎరుపు మెల్లగా నీలంలోకి వాలుతుంది, సాయంత్రం ఆకాశంలా. మిషన్ లేని చోట కూడా నర్సు కంటితో చూసి చెప్పేయవచ్చు.

ఫలితాలు రాసుకునే మేడమ్‌కి మాత్రం ఈ ప్రకటనలు చెవిలో జోరీగలు. "మాకూ కళ్ళున్నాయి మావయ్యా" అంది ఓ సోమవారం. ఆ పూట నుంచి గదిలో రంగుల పేర్లు నిషేధం. మావయ్య నోటికి తాళం వేసుకున్నాడు. ఉండబట్టనప్పుడు మెట్ల మీదికి వెళ్ళి పావురాలకి వాటి రంగులు చెప్పి వచ్చేవాడు.

మంగళవారం బంగారం పాడైంది. బుధవారమూ అంతే. రేణువుల కోసం కాచే బంగారు నీళ్ళు నల్లబడి, ఊదాకి తిరిగి, చివరికి ఎర్రబడతాయి, అప్పుడు దించాలి. వాటిని కాస్తూ ఆరేళ్ళుగా గురి తప్పని బంగారం అన్నయ్య రెండుసార్లూ ఊదాలోనే దించేశాడు. గురువారం రాజీనామా కాగితంతో మేడమ్ ముందు నిలబడ్డాడు.

"నా కళ్ళకి ఊదా, ఎరుపు ఒకలాగే ఉంటాయండి. మావయ్య ఎరుపనగానే దించేవాణ్ణి."

మేడమ్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది. నేరుగా మెట్ల మీదున్న మావయ్య దగ్గరికి నడిచింది.

"ఆ ఒక్కటీ అతని చెవిలో చెబితే పోయేదిగా? లోకంలో రంగులన్నీ ఎందుకు?"

"ఒక్కటే చెబితే అందరూ అతని వంక చూస్తారమ్మా. అన్నీ చెబితే నన్ను చూసి నవ్వుతారు. నాకు అలవాటే."

కారణం చెప్పకుండానే నిషేధం ఎత్తేసింది మేడమ్. బంగారు నీళ్ళు మళ్ళీ మరిగాయి. మావయ్య కిటికీ తెర రంగు, ఎవరివో చెప్పుల రంగు చెప్పి, మధ్యలో తాపీగా "ఎరుపు" అన్నాడు. అన్నయ్య దించాడు. ఎవరూ తలెత్తలేదు.

"మేడమ్ ముక్కు, లేత గులాబి."

మేడమ్ రుమాలు వెతుక్కుంటూ, "సరిగ్గా చెప్పండి మావయ్యా," అంది, "ముదురు గులాబి."