బాబాయ్ గారూ, బందరు నుంచండీ

ఈవేళ పొద్దున్న ఇడ్లీ తుంపి నోట్లో పెట్టుకోబోతుంటే ఫోను మోగింది. “ప్రియమైన వినియోగదారులారా” అని ఏదో బ్యాంకు తాలూకు మిషను గొంతు మొదలుపెట్టింది. ఇంట్లో కూర్చున్న ఒక్క మనిషిని పట్టుకుని “లారా” ఏమిటండీ, నేనేమన్నా బహిరంగ సభనా! ఠక్కున పెట్టేశాను. “నీ వృత్తివాళ్లేగా, కాస్త వినొచ్చుగా” అన్నారు మావారు. నిజమే. ఫోన్లో మిషన్ల చేత మనుషుల్లా మాట్లాడించడమే నా ఉద్యోగం. ఆ పని నాకు బాగా వచ్చు, చెప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు. కాకపోతే అది నేర్చుకున్నది ఏ మహానగరంలోనూ కాదు. బందర్లో, మందుల షాపు పైన ఒక మేడగదిలో, డిగ్రీ ఆఖరి ఏడు చేసిన ఇంటర్న్‌షిప్‌లో.

ఆ గదికి స్టార్టప్ అని పేరు పెట్టినతను మా అన్నయ్యతో చదువుకున్నవాడే. బెంగుళూరులో మంచి ఉద్యోగం మానేసి వచ్చాడు. చేరిన రోజే, “ఇక్కడ సార్లూ మేడమ్‌లూ లేరు, నన్ను పేరు పెట్టి పిలవాలి” అన్నాడు. నాకు నోరు రాలేదు. గుడివాడలో మా వీధికి కూరలు తెచ్చే ఆవిణ్ణి కూడా నేను పిన్నీ అనే పిలిచేదాన్ని, కంపెనీ యజమానిని పేరు పెట్టి పిలవడమా? రెండురోజులు ఏమీ పిలవకుండా నెట్టుకొచ్చి, చివరికి అన్నయ్యా అనేశాను. ఆయనా పలికాడు. కంపెనీ మొత్తం మేమిద్దరమూ, గాలికంటే చప్పుడెక్కువ చేసే ఒక కూలరూను. కింద నుంచి మందుల వాసన, కిటికీలోంచి ఎండుచేపల వాసన కలిసి వచ్చేవి. గుడివాడ నుంచి పొద్దుటి రైల్లో వచ్చేదాన్ని. ఆ రైల్లో దినపత్రిక ఒకరు కొంటే పెట్టె అంతా చదివేది.

మేం చేసే పని ఒక్కటే. దివిసీమ రొయ్యల రైతులకి సాయంత్రాలు ఫోను చేసి, రికార్డు చేసిన మాట వినిపించడం. మబ్బు పట్టిందంటే చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. మేత తగ్గించాలి, నీళ్లు చిలికే ఏరేటర్లు ఆపకుండా తిప్పాలి, లేకపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. కోడూరు వైపు రైతుసంఘం వాళ్లు ఈ పంట అయ్యేదాకా చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం అన్నారు. వాళ్లు వద్దంటే షట్టరు దించేసి మళ్లీ బెంగుళూరు పోవడమే అనేవాడు అన్నయ్య. నవ్వుతూనే అనేవాడు కానీ, ఉద్యోగం మానేసిన కోపంతో వాళ్ల నాన్నగారు అప్పటికే ఆయనతో మాట్లాడటం మానేశారు.

గొంతు నాది. “గౌరవనీయులైన రైతు సోదరులకు విజ్ఞప్తి” అంటూ వార్తలు చదివినట్టు గంభీరంగా చదివాను. ఎంత బాగా చదివాననుకున్నానో! రైతులు మాత్రం విజ్ఞప్తి దగ్గరికి రాకుండానే ఫోను కట్ చేసేవారు. అన్నయ్య కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చుంటే చూడలేక, అసలు సంగతేమిటో తేల్చుకుందామని నేనే చల్లపల్లి మీదుగా బస్సుల్లో పడి కోడూరు వెళ్లాను. సంఘం ప్రెసిడెంటు గారు కాఫీ ఇప్పించారు. సాయంత్రం ఫోన్లు ఎందుకు కట్ చేస్తున్నారని అడిగితే, “ఆ సిమ్ము కంపెనీ వాళ్లమ్మా, రోజూ బుర్ర తినేస్తన్నారు” అన్నారు. సిమ్ము కంపెనీ నేనేనని చెప్పకుండా కాఫీ గ్లాసు అందుకున్నాను. ఇంతలో ఆయనకి ఎవరో బంధువులమ్మాయి ఫోను చేసింది. “ఉంటానమ్మా” అన్నారు. అటునుంచి ఇంకేదో వచ్చింది. “ఆఁ, ఉంటా మరి” అన్నారు. ఆయన కాఫీ చల్లారిపోయింది గానీ ఫోను పెట్టలేదు. మా అమ్మా అంతే, వీధిలో అందరూ అంతే. బాబాయ్ అనో పిన్నీ అనో వరస కలిపి పిలిచిన మనిషి తనంతట తను ఉంటాననేదాకా మన వైపు ఎవరూ ఫోను పెట్టరు. నాకు దారి దొరికింది.

మర్నాడే కొత్తగా రికార్డు చేశాను. “బాబాయ్ గారూ, బందరు నుంచండీ. మబ్బుగా ఉంది కదా, మేత తగ్గించండి. రాత్రికి ఏరేటర్లు ఆపకండేం. ఉంటానండీ.” అన్నయ్య మొహం ముడుచుకున్నాడు. “ప్రొఫెషనల్‌గా లేదు” అన్నాడు. “ప్రొఫెషనల్‌గా ఉన్నదాన్నేగా కట్ చేస్తున్నారు!” అన్నాను. అంతమాట ఎలా అన్నానో నాకే తెలీదు. ఆ సాయంత్రం ఒక్కరూ మధ్యలో పెట్టలేదు. పైపెచ్చు జవాబులు కూడా చెప్పారు. “అలాగేనమ్మా”, “అన్నం తిన్నావా?”, “మీదే ఊరు?” అని అవతలి మాటలన్నీ రికార్డయి ఉన్నాయి. అన్నయ్య ఒక్కొక్కటే విని పడీపడీ నవ్వాడు.

పంట చివర కోడూరులో పందిరి వేసి సంఘం మీటింగు పెట్టారు. అన్నయ్య లాప్‌టాప్ తెరిచాడో లేదో, ప్రెసిడెంటు గారి భార్య కొంగు దోపుకుని లోపలికొచ్చి, “మా ఆయన్ని సాయంత్రమయ్యేసరికి బాబాయ్ బాబాయ్ అనేది ఎవరు?” అంది.

“నేనేనండీ, పిన్నిగారూ.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “మరి నాకు చెయ్యవేం? ఏరేటర్ల స్విచ్చి వేసేది నేను. ఈయన నీతో కబుర్లాడి, చెప్పిందంతా మర్చిపోతన్నారు.”

పందిరంతా నవ్వులే. పిన్నులకి కూడా చేసేట్టయితే ఉంచుకుందామన్నారు ప్రెసిడెంటు గారు, ఎవరూ కాదనలేదు. బయటికొచ్చి అన్నయ్య వాళ్ల నాన్నగారికి ఫోను చేశాడు. ఆయన ఎత్తారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. అన్నయ్య మాత్రం “ఉంటాను నాన్నా” అంటూనే ఉన్నాడు, ఫోను పెట్టలేదు. మేం ఎక్కాల్సిన అవనిగడ్డ బస్సు వచ్చింది, వెళ్లిపోయింది.

ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. పాత రికార్డింగు గరగరమంటోందని అన్నయ్య అడిగితే, పోయిన నెల అవే మాటలు మళ్లీ చదివి పంపాను. మూడోనాడు ఆ పిన్నిగారే నా నంబరు సంపాదించి మరీ ఫోను చేసింది. “గొంతు మారిందేమ్మా, జలుబు చేసిందా? మిరియాల పాలు తాగు” అంది. తాగుతానన్నాను. ఇన్నేళ్లు తెచ్చిన మార్పుని జలుబనుకునే మనిషి కోడూరులో ఉన్నంతకాలం, వయసైందని నేనెందుకు ఒప్పుకోవాలి!