హెల్మెట్ తిరిగివ్వని సాయంత్రం

వానలో తడిసొచ్చిన పక్కింటాయన తన హెల్మెట్‌ను మా వరండా కుర్చీలో పెట్టి మరిచిపోయారు. లోపలి స్పాంజి నుంచి చెమటా తడీ కలిసిన ముక్కిన వాసన కొట్టింది. ఆ వాసనకు వాల్టర్ సర్ గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో, కువైట్‌లో అమెరికన్ పిల్లలు చదివే ఒక బడిలో నేను నర్సును, ఆయన ఫుట్‌బాల్ కోచ్. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతూ, అడ్డొచ్చినవాణ్ణి గుద్ది పడేసే ఆట వాళ్లది. మొదటిసారి చూసినప్పుడు, దీన్ని ఆట అన్నవాళ్లెవరో అని విసుక్కున్నాను.

పిల్లల దెబ్బలకు ఐసు కోసం నా గదికి వచ్చినప్పుడల్లా ఆయన తన ఊరి హైస్కూలు జట్టు కథలు చెప్పేవారు. శుక్రవారం సాయంత్రం దుకాణాలు కట్టేసి ఊరు ఊరంతా మైదానానికి వచ్చేదట. తోలు టోపీలు పెట్టుకు ఆడిన తాతల కాలం నుంచీ పక్క ఊరి బడితో పంతమేనట. తాను పుట్టకముందు జరిగిన ఆటలు కూడా కళ్లారా చూసినట్టు చెబుతుంటే, మా గోదావరి వైపు కోడిపందేల గురించి ఇలాగే చెబుతారని ఆటపట్టించేదాన్ని. పగలబడి నవ్వేవారు.

ఒక్క కథకు మాత్రం నవ్వలేదు. ఆయన ఆడిన ఒక పంతం ఆటలో స్నేహితుడు తలకు దెబ్బ తగిలి బెంచీ మీద కూలబడ్డాడు. ఆఖరి నిమిషాల్లో, అప్పటికి పదిహేడేళ్ల కెప్టెన్ అయిన వాల్టర్ సర్ తన చేతులతోనే అతనికి హెల్మెట్ తొడిగి మైదానంలోకి లాక్కెళ్లారు. గెలిచారు. పెద్ద కాలేజీ జట్లు కోరుకున్న ఆ కుర్రాడు మళ్లీ బంతి ముట్టలేదు, చదువూ సాగలేదు. "ఇప్పటికీ నన్ను చూసి నీ పేరేమిటని అడుగుతాడు," అన్నారు.

అందుకే ఆయన ఒక పద్ధతి పెట్టారు. తలకు దెబ్బ తగిలినవాడి హెల్మెట్ నా దగ్గరికి రావాలి. అది లేనిదే రిఫరీలు మైదానంలో అడుగుపెట్టనివ్వరు. "ఎవరడిగినా ఇవ్వొద్దు సిస్టర్. నేనడిగినా సరే." ఏదో మాటవరసకు అన్నారనుకున్నాను.

సౌదీ నుంచి బస్సులో వచ్చిన జట్టుతో ఆట జరిగిన రోజు మా కెప్టెన్ తలకు దెబ్బ తగిలింది. ఈ రోజు ఏ వారమని అడిగితే తప్పు చెప్పాడు. వాల్టర్ సరే వాడి హెల్మెట్ తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఖలాస్, ఇవాళ్టికి వీడి ఆట అయిపోయింది" అన్నారు. ఆట చివరికొచ్చేసరికి మేం కొద్దిలో వెనకబడ్డాం. తల్లిదండ్రులు గొంతులు చించుకుంటున్నారు. అప్పుడు ఆయన నా ముందుకొచ్చి చేయి చాచారు.

"ఒక్కసారికి ఇవ్వండి సిస్టర్. వాడు బాగానే ఉన్నాడు."

ఆ దేశంలో నన్ను ఉండనిచ్చే ఇఖామా కాగితం ఆ బడి చేతిలో ఉంది. నీళ్ల క్యాన్లు తెచ్చిన రాయచోటి డ్రైవర్ ఖాదర్ భాయ్ నా పక్కనే ఉన్నాడు. "ఇయ్యొద్దు సిస్టరమ్మా. ఆయప్పకు ఇప్పుడు తలకాయ పన్జేయడంల్యా," అన్నాడు మెల్లగా. హెల్మెట్‌ను గుండెకు హత్తుకుని, "మీరే వద్దన్నారు సర్," అన్నాను. ఆయన చాచిన చేయి దించి వెనక్కి తిరిగారు. మేం ఓడిపోయాం. ఆ సాయంత్రమే పిల్లాడికి వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది, కోలుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఐసుకు పిల్లల్ని పంపేవారే తప్ప తాను రాలేదు. విద్యాసంవత్సరం ముగిశాక ఉద్యోగం వదిలేసి వెళ్తూ ఒక్కసారి గదికి వచ్చారు. "పదిహేడేళ్లప్పుడు ఎలాంటివాణ్ణో ఇప్పుడూ అలాంటివాణ్ణే సిస్టర్," అన్నారు. అలా అనకండి సర్ అన్నాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో. అంతకుమించి ఏం చెప్పాలో తోచలేదు.

తోచేసరికి ఏళ్లు గడిచాయి, ఆయన ఎక్కడున్నారో తెలియదు. పదిహేడేళ్ల కుర్రాడు హెల్మెట్‌ను స్నేహితుడి తలకు తొడిగాడు. ఈయన మా కెప్టెన్‌ది ముందే తెచ్చి నా ఒళ్లో పెట్టారు. తాను మెత్తబడతానని తెలిసే పెట్టారు. ఆ ఇద్దరూ ఒక్కరెలా అవుతారు? తర్వాత ఒక ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జినయ్యాక కొత్త నర్సులందరికీ చెప్పాను, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని తిరిగివ్వని మనిషి చేతిలో పెట్టమని. వాళ్లలో ఎందరో ఆ మాట పట్టుకుని రోగుల్ని కాపాడారు. నేర్పిన మనిషి మాత్రం తన పంతం చేతిలో రెండోసారీ ఓడిపోయాననుకుంటూ విమానం ఎక్కారు.